సారాయెవో కుతుబ్‌ఖానా - ఛాయాచిత్రాలలో మిగిలిన చరిత్ర

గ్రంథాలయం అనగానే మనకు పుస్తకాలే గుర్తుకు వస్తాయి. ఆ పుస్తకాలను తన కడుపులో దాచుకున్న భవనాన్ని తలెత్తి చూసేవాళ్ళు తక్కువ. చదువుకోవటానికి వెళ్ళినవాడు బల్ల మీది పుస్తకం చూస్తాడు గాని పైనున్న గుమ్మటం చూడడు. అయితే ప్రపంచంలో కొన్ని కుతుబ్‌ఖానాలు ఉన్నాయి. అక్కడ గోడలు, స్తంభాలు, కమానులు కూడా చదువదగిన గ్రంథాలే. అటువంటి వాటిలో ఒకటి ఐరోపా ఖండంలో, బోస్నియా దేశపు ముఖ్యపట్టణమైన సారాయెవోలో కలదు. ఒకప్పుడు అది ఆ దేశపు జాతీయ గ్రంథాలయం. నేడు గ్రంథాలయం కాదు. కాని దాని లోపలి శోభను కెమెరాలో బంధించటానికి దేశదేశాల నుండి జనం వస్తూనే ఉన్నారు.

ఈ సంచికలో ఆ భవనం కథను మన సభ్యుల ముందు ఉంచాలని సంకల్పించాము. భవనం అందంగా ఉన్నదన్న ఒక్క కారణం చేత కాదు. ఒక కట్టడం కాలిపోయి మళ్ళీ లేచి నిలబడటంలో ఛాయాచిత్రం ఎంత పని చేసిందో, అదే ఛాయాచిత్రం ఏ పని చేయలేకపోయిందో ఈ కథ చెబుతుంది. అందులో మనబోటి వారికి పనికివచ్చే సంగతి ఒకటున్నది. దానిని చివర మనవి చేస్తాము.

ఎవరు కట్టారు? ఎందుకు కట్టారు?

బోస్నియా 1463లో ఉస్మానియా తుర్కుల ఏలుబడిలోకి వచ్చింది. నాలుగు వందల ఏళ్ళకు పైగా వారి కిందనే ఉన్నది. ఆ కాలంలోనే అక్కడి స్లావు ప్రజలలో చాలామంది ఇస్లాం స్వీకరించారు. సారాయెవో పట్టణంలో మస్జిదులు, మదర్సాలు, ఖాన్‌ఖాలు, హమామ్‌లు, బజార్లు వెలిశాయి. వాటి పక్కనే ఆర్థడాక్సు చర్చీలు, కాథలిక్ చర్చీలు, యూదుల సినగాగులు కూడా ఉండేవి. నాలుగు మతాల వారు నాలుగడుగుల దూరంలో ప్రార్థన చేసుకునే పట్టణం అది.

1878లో బెర్లిన్ మహాసభ తీర్మానం ప్రకారం బోస్నియా పరిపాలన ఆస్ట్రియా - హంగరీ సామ్రాజ్యం చేతికి పోయింది. కొత్త దొరలు వచ్చారు. వారికి ఒక నగర సభా భవనం కావలసి వచ్చింది. మిల్యాట్స్కా నది ఒడ్డున, పాత బజారు బాష్చర్షియా దాపున స్థలం చూశారు. మొదటి నమూనా 1891లో కారెల్ పార్జిక్ అనే చెక్ దేశపు వాస్తుశిల్పి గీశాడు. బోస్నియా వ్యవహారాలు చూసే మంత్రి బెంజమిన్ కాల్లయ్‌కు అది నచ్చలేదు. తరువాత అలెగ్జాండర్ విట్టెక్ అనే శిల్పికి పని అప్పగించారు. ఆయన కైరో వెళ్ళి అక్కడి పాత మస్జిదులను చూసి వచ్చి కొత్తగా నమూనా తయారుచేశాడు. 1892లో పని మొదలైంది. మధ్యలో విట్టెక్ జబ్బుపడి 1894లో కన్నుమూశాడు. చిరిల్ ఇవెకోవిచ్ అనే మూడవ శిల్పి పని పూర్తి చేశాడు. 1896 ఏప్రిల్ 20న ప్రారంభోత్సవం జరిగింది. అప్పటి లెక్కలో 984,000 క్రౌనులు ఖర్చయ్యాయట. ఆ భవనానికి స్థానికులు పెట్టుకున్న పేరు "వియెచ్నిత్సా". సభామందిరం అని దాని అర్థం.

ఇక్కడ ఒక విచిత్రం గమనించాలి. బోస్నియా ముసల్మానుల సొంత కట్టడాలన్నీ తుర్కీ పద్ధతివి. గోళాకారపు గుమ్మటం, సన్నని మీనారు, లోపల నిరాడంబరమైన సున్నపు గోడలు. ఆస్ట్రియా దొరలు మాత్రం స్పెయిన్‌లోని అల్‌హమ్రా నుండి, ఈజిప్టులోని మమ్లూకు సుల్తానుల కట్టడాల నుండి నమూనాలు తెచ్చి పెట్టారు. గుర్రపు లాడం ఆకారపు కమానులు, ఎరుపు పసుపు పట్టెల గోడలు, తేనెపట్టులాంటి గచ్చు పని - ఇది సారాయెవో పాత తుర్కీ కట్టడాల పద్ధతి కాదు. మరి ఎందుకు తెచ్చారంటే, అందులో రాజకీయమున్నది. బోస్నియా ప్రజలు అటు సెర్బియా వైపు, ఇటు క్రొయేషియా వైపు మొగ్గకుండా, ఇటు తుర్కీ సుల్తానునూ తలచుకోకుండా, తమదంటూ ఒక వేరే గుర్తింపు పెంచుకోవాలని కాల్లయ్ ఉద్దేశం. ఆ ఉద్దేశానికి ఇటుకలతో, గచ్చుతో వేసిన రూపం ఈ భవనం.

ఆ స్థలం గురించి సారాయెవోలో ఒక కథ చెప్పుకుంటారు. భవనానికి కావలసిన చోట ఒక ముసలాయన ఇల్లు ఉండేదట. ఎంత అడిగినా ఇవ్వనన్నాడట. చివరకు ఒక సంచెడు బంగారు నాణేలు ఇవ్వాలి, తన ఇంటిని ఇటుక ఇటుకా విప్పి నది అవతలి ఒడ్డున మళ్ళీ కట్టి ఇవ్వాలి అని షరతు పెట్టాడట. దొరలు దిగివచ్చి అట్లాగే చేశారట. నది అవతల నేటికీ ఒక ఇల్లు ఉన్నది. దాని పేరు "ఇనాత్ కుచా". పంతం పట్టిన ఇల్లు అని అర్థం. ఇప్పుడు అది భోజనశాల. "ఇనాత్" అన్న మాట అరబ్బీలోని "ఇనాద్" నుండి తుర్కీ మీదుగా వారి భాషలో చేరింది. మొండిపట్టు అని మనం అనుకునేది అదే.

లోపలి శోభ

బయటి నుండి చూస్తే పట్టెలు పట్టెలుగా రంగు వేసిన ముక్కోణపు కట్టడం. లోపల అడుగుపెడితేనే అసలు సొంపు. మధ్యలో ఆరు మూలల పెద్ద హాలు. దాని చుట్టూ రెండు అంతస్తులుగా సన్నని స్తంభాల వరుసలు. స్తంభం మీద స్తంభం, కమాను మీద కమాను. నెత్తిన రంగుటద్దాల కప్పు. ఆ కప్పులో గుండా వెలుతురు దిగివచ్చి మెట్ల మీద, నేల మీద పడుతుంది. గోడల నిండా లతలు, నక్షత్రాలు, గడులు. ఒక గీత ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో కన్ను పట్టుకోలేదు.

ఫోటో తీసేవారికి ఇటువంటి లోపలి భాగం ఒక పరీక్షే. కప్పు అద్దాలు ధగధగలాడుతుంటాయి. కమానుల వెనుక నడవలు చీకటిగా ఉంటాయి. కప్పుకు తగినట్లు వెలుతురు కొలిస్తే నడవలు నల్లగా మునిగిపోతాయి. నడవలకు తగినట్లు కొలిస్తే కప్పు తెల్లగా తేలిపోయి రంగులన్నీ మాయమవుతాయి. పాతకాలంలో గాజు ప్లేట్ల మీద ఫోటోలు తీసేవారు స్టాండు వేసి, కెమెరా కదలకుండా కొన్ని సెకన్లో, ఒక్కొక్కప్పుడు నిముషాలో మూత తెరచి ఉంచేవారు. అందుకే పాత ఫోటోలలో మనుషులు ఉండరు. నడిచిపోయినవారి నీడ కూడా పడదు. శూన్యమైన హాలు, స్తంభాలు మాత్రమే ఉంటాయి. నేటి కెమెరాలు ఒకే దృశ్యాన్ని రెండు మూడు రకాల వెలుతురు కొలతలతో తీసి ఒకటిగా కలుపుతాయి. పని సులువైంది గాని సూత్రం మారలేదు.

ఇంకొక చిక్కు గీతలది. కెమెరాను కాస్త పైకి ఎత్తితే చాలు, స్తంభాలన్నీ లోపలికి వాలిపోయినట్లు పడతాయి. అందుకని తెలిసినవారు సాధారణంగా రెండు పద్ధతులు పాటిస్తారు. ఎదుటి అంతస్తు ఎత్తుకు ఎక్కి కెమెరాను సమంగా నిలిపి తీయటం ఒకటి. హాలు నట్టనడుమ నిలబడి కెమెరాను నేరుగా ఆకాశానికి తిప్పి కప్పును తీయటం రెండవది. వియెచ్నిత్సా ఫోటోలలో ఎక్కువ కనిపించేది ఈ రెండవ రకమే. ఆరు రేకుల పువ్వు విచ్చుకున్నట్లు ఉంటుంది.

ఒక పాత ఫోటో: 1914 జూన్ 28

ఈ భవనం పేరు ప్రపంచ చరిత్రలోకి ఎక్కింది ఒక ఫోటో వల్ల. 1914 జూన్ 28న ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్, ఆయన భార్య సోఫీ సారాయెవోకు వచ్చారు. దారిలో ఎవడో బాంబు విసిరాడు. తప్పించుకున్నారు. తప్పించుకుని ఈ సభామందిరానికే వచ్చి స్వాగత సన్మానం అందుకున్నారు. తిరిగి వెళ్ళేటప్పుడు మెట్లు దిగి కారు వైపు నడుస్తుండగా తీసిన ఫోటో నేటికీ ఉన్నది. కొద్ది నిముషాల తరువాత లాటిన్ వంతెన దగ్గర గవ్రిలో ప్రిన్సిప్ అనే యువకుని తుపాకీ గుండ్లకు ఇద్దరూ మరణించారు. దాని పర్యవసానం మొదటి ప్రపంచ యుద్ధం. ఆ ఫోటోలో మెట్ల పక్క నిలబడి సలాము చేస్తున్న పెద్దలలో ఫెజ్ టోపీలు పెట్టుకున్న వారు కనిపిస్తారు. వారి ముఖాలలో రాబోయే దాని జాడ ఏమీ లేదు. కెమెరా ఆ క్షణాన్ని మాత్రమే పట్టుకుంటుంది, మరునాటి సంగతి దానికి తెలియదు.

గ్రంథాలయంగా 43 సంవత్సరాలు

రెండవ ప్రపంచ యుద్ధం అయిపోయాక సోషలిస్టు యుగోస్లావియా ఏర్పడింది. 1945లో బోస్నియా జాతీయ గ్రంథాలయం స్థాపించారు. 1949లో వియెచ్నిత్సా భవనాన్ని దానికి ఇచ్చారు. అప్పటి నుండి నగర సభ్యులు కూర్చున్న చోట విద్యార్థులు కూర్చున్నారు. విశ్వవిద్యాలయపు గ్రంథాలయం కూడా అదే. బోస్నియాలో అచ్చయిన ప్రతి పుస్తకపు ప్రతి, ప్రతి పత్రిక అక్కడికి చేరేది. పాత పుస్తకాలు, చేతివ్రాతలు, పటాలు, ఛాయాచిత్రాలు కూడా అక్కడ ఉండేవి. ముసల్మానులు రాసినవీ, సెర్బులు రాసినవీ, క్రొయేషియనులు రాసినవీ, యూదులు రాసినవీ ఒకే అలమారలో పక్కపక్కన కూర్చునేవి. దొరలు రాజకీయం కోసం కట్టిన భవనం ఈ విధంగా ప్రజల సొత్తు అయింది. అల్‌హమ్రా నుండి అరువు తెచ్చిన కమానుల కింద కూర్చుని చదువుకున్నవారు ఆ కమానులు తమవేనని అనుకున్నారు. అందులో తప్పేమున్నది? చదువుకున్న చోటు ఎవరికైనా సొంతమే.

1992 ఆగస్టు 25 రాత్రి

1992లో బోస్నియా స్వతంత్రం ప్రకటించుకోగానే యుద్ధం వచ్చిపడింది. ఏప్రిల్ నుండి బోస్నియా సెర్బు సైన్యాలు సారాయెవో చుట్టూ కొండల మీద తుపాకులు, ఫిరంగులు నిలిపి పట్టణాన్ని ముట్టడించాయి. ఆ ముట్టడి 1996 ఫిబ్రవరి 29 వరకు, మొత్తం 1,425 రోజులు సాగింది. నీళ్ళు లేవు, కరెంటు లేదు, రొట్టె లేదు. రొట్టె కోసం వరుసలో నిలబడినవారి మీద కూడా గుండ్లు పడ్డాయి.

ఆగస్టు 25 రాత్రి ఆ ఫిరంగులు వియెచ్నిత్సా వైపు తిరిగాయి. నిప్పు రాజేసే గుండ్లు వేశారు. కప్పు అంటుకుంది. పట్టణంలో నీళ్ళు ఆగిపోయి ఉన్నాయి. మంటలార్పేవారు వచ్చినా గొట్టాలలో నీరు చాలలేదు, పైగా వారి మీద కాల్పులు. గ్రంథాలయ ఉద్యోగులు, ఊరి జనం చేతులు కలిపి వరుసగా నిలబడి, ఒకరి నుండి ఒకరికి పుస్తకాలు అందిస్తూ కొన్నిటిని బయటకు తెచ్చారు. ఆ తెచ్చినవి కొన్నే. వేడికి సన్నని స్తంభాలు పగిలి పేలిపోయాయి. రంగుటద్దాల కప్పు కూలింది. సుమారు 15 లక్షల పుస్తకాలు కాలిపోయాయని పండితుల అంచనా. భవనం గోడ మీది ఫలకం 20 లక్షలకు పైగా అంటుంది. ఎట్లా చూసినా ఉన్నదానిలో పదింట తొమ్మిది వంతులు పోయింది.

ఆయిదా బుతురోవిచ్ అనే గ్రంథాలయ ఉద్యోగిని ఆ పుస్తకాలను మోసి, ఇంటికి వెళుతూ దారిలో ఫిరంగి గుండు తగిలి మరణించింది. మంటలార్పే దళపు అధికారి కెనాన్ స్లినిచ్‌ను, ఇంత ప్రమాదంలో ఎందుకు పనిచేస్తున్నావని ఒక విలేకరి అడిగారట. తాను ఈ ఊళ్ళో పుట్టాననీ, వారు కాలుస్తున్నది తనలో ఒక భాగాన్ననీ ఆయన జవాబు చెప్పాడు.

తరువాత చాలాసేపు ఆకాశం నుండి నల్లని కాగితపు బూడిద ఊరంతా కురిసింది. పుటలు పుటలుగానే తేలి వచ్చాయి. చేతిలోకి తీసుకుంటే కొన్నిటి మీద అక్షరాలు ఇంకా ఆనవాలు పట్టేటట్లు ఉండేవట. ఒక్క క్షణం. ముట్టుకుంటే పొడి. కెమాల్ బకార్షిచ్ అనే గ్రంథాలయ పండితుడు ఈ సంగతి రాస్తూ, ఆ పుటలను ఛాయాచిత్రపు నెగెటివుతో పోల్చాడు. ఈ నెగెటివు నుండి మాత్రం బొమ్మ తీయటం ఎవరి వల్లా కాదు.

శిథిలాలలో కెమెరాలు

మంటలు ఆరాక ఫోటోగ్రాఫర్లు లోపలికి వెళ్ళారు. అప్పుడు తీసిన ఫోటోలు ప్రపంచమంతా చూసింది. అదే ఆరు మూలల హాలు, అవే కమానులు. కప్పు లేదు, ఇనుప చట్రం మాత్రమే ఉంది. నేల మీద రాళ్ళ కుప్పలు. కప్పులేని చోట నుండి వెలుతురు ఎప్పటికన్నా ఎక్కువ పడుతున్నది.

వాటిలో అందరికీ తెలిసినది మిహాయిల్ ఎవ్‌స్టాఫియెవ్ 1992లో తీసిన ఫోటో. శిథిలాల నడుమ కుర్చీ వేసుకుని, కచేరీ దుస్తులు ధరించి, వెద్రాన్ స్మైలోవిచ్ అనే సంగీత విద్వాంసుడు సెల్లో వాయిస్తున్నాడు. సభలేదు, శ్రోతలు లేరు. విరిగిన స్తంభాలే సభ్యులు. ముట్టడిలో ఉన్న పట్టణం గురించి పత్రికల వార్తలు చెప్పలేనిది ఆ ఒక్క ఫోటో చెప్పింది.

1994 జూన్ 19న అదే శిథిలాలలో మన బొంబాయిలో పుట్టిన సంగీత దర్శకుడు జుబిన్ మెహతా, సారాయెవో వాద్యబృందం చేత మోజార్ట్ రచించిన మృతుల ప్రార్థనా సంగీతం వాయింపజేశారు. ముట్టడి ఇంకా ఎత్తివేయలేదు. స్పెయిన్ గాయకుడు హోసే కరేరాస్ పాడాడు. టెలివిజన్ కెమెరాల ద్వారా దేశదేశాల వారు చూశారు. ఒక పార్సీ భారతీయుడు, ఒక క్రైస్తవ సంగీతం, కాలిపోయిన గ్రంథాలయం. ఆ పట్టణపు స్వభావం ఏమిటో ఆ సాయంత్రం తెలిసింది.

గోడలు తిరిగి వచ్చాయి

యుద్ధం ముగిసిన 1996లోనే బాగుచేసే పని ఆరంభమైంది. మొదట ఆస్ట్రియా దేశం విరాళమిచ్చింది. కట్టినవారి మనుమలే మళ్ళీ కప్పు వేయటానికి ముందుకు వచ్చారన్నమాట. తరువాత ఐరోపా సంఘం, బార్సెలోనా నగరం, ఇంకా ఇతరులు సాయపడ్డారు. మధ్యలో ఆగుతూ, సాగుతూ పని నడిచింది. 2014 మే 9న తలుపులు తెరిచారు. కాలిన నాటి నుండి తెరిచే నాటికి సుమారు 22 సంవత్సరాలు.

ఇట్లా బాగుచేసేటప్పుడు శిల్పులు దేనిని చూసి కట్టారు? పాత నమూనా పటాలు, రాళ్ళ కుప్పలలో దొరికిన తునకలు, పాత ఛాయాచిత్రాలు, వీటినే ఆధారం చేసుకోవలసి వచ్చింది. తునకను చూసి రంగు తెలుసుకోవచ్చు, అచ్చు పోసుకోవచ్చు. అయితే ఆ తునక ఏ గోడ మీద, ఏ ఎత్తున, దేని పక్కన ఉండేదో తునక చెప్పదు. అది చెప్పేది ఫోటో. నూరేళ్ళ నాడు ఎవరో స్టాండు వేసి, ఓపికగా గీతలు వంకర పోకుండా తీసిన ఫోటో, నూరేళ్ళ తరువాత మేస్త్రీకి కొలబద్ద అవుతుంది. ఫోటో నలుపు తెలుపు, తునకకు రంగు. రెండూ కలిస్తేనే గోడ.

నేడు టిక్కెట్టు కొని లోపలికి వెళ్ళవచ్చు. మెట్లెక్కవచ్చు, ఫోటోలు తీసుకోవచ్చు. నగర సభ మళ్ళీ అక్కడ కూర్చుంటున్నది. జాతీయ గ్రంథాలయం మాత్రం విశ్వవిద్యాలయ ఆవరణలో, పూర్వం సైనిక శిబిరంగా ఉన్న చోట నడుస్తున్నది.

పుస్తకాలు తిరిగి రాలేదు

ఇక్కడే ఈ కథలోని అసలు సంగతి ఉన్నది. వియెచ్నిత్సా గోడలకు ఫోటోలు ఉన్నాయి గనుక గోడలు తిరిగివచ్చాయి. అందమైన చోటు కాబట్టి వచ్చినవారంతా కప్పును తీశారు, మెట్లను తీశారు, కమానులను తీశారు. అలమారలలోని చేతివ్రాతల పుటలు తీసినవారు బహు తక్కువ. ప్రతి లేని పుస్తకం కాలిపోతే దానికి మరమ్మతు లేదు.

అదే సంవత్సరం మే 17న సారాయెవోలోని ఓరియంటల్ ఇన్‌స్టిట్యూట్‌ను కూడా ఇదే విధంగా కాల్చారు. అరబ్బీ, ఫారసీ, తుర్కీ భాషలవీ, అరబ్బీ లిపిలో రాసిన బోస్నియా భాషవీ 5,263 చేతివ్రాత గ్రంథాలు, లక్షలాది ఉస్మానియా కాలపు దస్తావేజులు బూడిద అయ్యాయి. ఆ తరువాత అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో పనిచేసే ఆంద్రాష్ రీడ్ల్‌మయర్ అనే గ్రంథాలయ పండితుడు, మరికొందరు మిత్రులు ఒక ఆలోచన చేశారు. యుద్ధానికి ముందు పరిశోధన కోసం సారాయెవో వచ్చిన విద్వాంసులు కొందరు తమకు కావలసిన పుటలకు ఫోటో కాపీలో, మైక్రోఫిల్మో తీయించుకుని పోయి ఉంటారు గదా, వాటిని వెతికి తిరిగి రప్పిస్తే? అట్లా 1994 నుండి ప్రపంచంలోని పండితులకు ఉత్తరాలు రాసి, వారి బీరువాలలో పడి ఉన్న నకళ్ళను పోగుచేయసాగారు. దొరికినవి పోయినవాటిలో కొద్దిపాటివే. అయినా ఏనాడో ఎవరో తన సొంత పని కోసం తీయించుకున్న నకలు ఒక జాతికి ఆస్తి అయింది.

ఇందుకు భిన్నమైన కథ గాజీ హుస్రేవ్ బేగ్ కుతుబ్‌ఖానాది. ఇది 1537 నాటి వక్ఫు. బోస్నియా పాలకుడైన గాజీ హుస్రేవ్ బేగ్ తన వక్ఫునామాలో మదర్సా కట్టగా మిగిలిన సొమ్ముతో మంచి పుస్తకాలు కొనాలనీ, అవి చదువుకునేవారికీ, నకలు రాసుకునేవారికీ ఉపయోగపడాలనీ రాయించాడు. నకలు రాసుకునేవారికి అన్న ఆ మాటను గమనించండి. 450 ఏళ్ళ తరువాత ముట్టడి కాలంలో ఆ కుతుబ్‌ఖానా అధికారి ముస్తఫా యాహిచ్, ఆయన తోటి ఉద్యోగులు విలువైన చేతివ్రాతలను పెట్టెలలో పెట్టి, చేతులతో మోసి, ఒక చోటి నుండి మరొక చోటికి ఎన్నోసార్లు మార్చారు. అంతటితో తృప్తిపడక, పట్టణంలోకి రహస్యంగా పరికరాలు తెప్పించుకుని మైక్రోఫిల్మ్ తీయటం మొదలుపెట్టారు. కరెంటు లేని ఊళ్ళో, గుండ్ల నడుమ. ఆ చేతివ్రాతలు దక్కాయి. 2014లో వాటికి కొత్త భవనం కూడా వచ్చింది. వాకిఫ్ రాయించిన మాటను ఆయన తరువాత నాలుగున్నర శతాబ్దాలకు వచ్చినవారు నిలబెట్టారు.

సాక్ష్యం చెప్పే ఫోటో

ఫోటోకు మరొక పని కూడా ఉన్నది. సాక్ష్యం చెప్పటం. యుద్ధం తరువాత రీడ్ల్‌మయర్ బోస్నియాలో ఊరూరా తిరిగి, ధ్వంసమైన మస్జిదులను, చర్చీలను, గ్రంథాలయాలను పరిశీలించి ఫోటోలతో సహా నివేదిక తయారుచేశాడు. పూర్వం ఎట్లా ఉండేది, ఇప్పుడెట్లా ఉన్నది అని పక్కపక్కన బొమ్మలు పెట్టాడు. హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం ముందు యుద్ధ నేరాల కేసులలో ఆయన సాక్ష్యం ఇచ్చాడు. "అక్కడ మస్జిదు ఎన్నడూ లేదు" అని ఎవరైనా అనబోతే, పెళ్ళిలో తీయించుకున్న ఫోటో వెనుక కనబడే మీనారు కూడా జవాబు చెప్పగలదు. సారాయెవో ప్రజలను భయభ్రాంతులను చేసిన నేరం కూడా కలిపి సైన్యాధిపతి రాట్కో మ్లాదిచ్‌కు 2017లో యావజ్జీవ శిక్ష పడింది. 2021లో అప్పీలులో కూడా అది ఖాయమైంది.

మన సంగతి

దూరదేశపు కథ ఇంతసేపు ఎందుకు చెప్పారని కొందరు సభ్యులు అడగవచ్చు. మనకు కూడా ఇటువంటి అనుభవం ఉన్నది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దర్బారులో ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్. ఆయన పెద్ద పెద్ద గాజు ప్లేట్ల మీద హైదరాబాదు దేవిడీల, మహళ్ళ లోపలి గదులను తీశాడు. షాండిలియర్లు, అద్దాలు, తివాచీలు, గచ్చు నగిషీలు అన్నీ స్పష్టంగా కనబడతాయి. బషీర్‌బాగ్ పాలెస్ నేడు లేదు. ఆ పేరుతో ఒక పేట మాత్రమే ఉన్నది. ఆ పాలెస్ లోపల ఎట్లా ఉండేదో చూడాలంటే దీన్‌దయాళ్ ఫోటోలే దిక్కు. సారాయెవోలో ఫోటో చూసి మళ్ళీ కట్టారు, ఇక్కడ ఫోటో మాత్రమే మిగిలింది.

1891లో మొదలై 1936లో అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున సొంత భవనంలోకి వచ్చిన ఆసఫియా కుతుబ్‌ఖానా మనలో చాలామంది చదువుకున్న చోటే. నేడది రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. నది ఒడ్డున కుతుబ్‌ఖానా అనే సరికి మాకు వియెచ్నిత్సా జ్ఞాపకం రావటంలో ఆశ్చర్యం లేదు. ఇటువంటి పెద్ద భవనాలను తీసేవారు ఎప్పుడూ ఉంటారు. మా బెంగ చిన్నవాటి గురించి. మన ఊళ్ళలో పాత మస్జిదులు, దర్గాలు, ఆషూర్‌ఖానాలు, మదర్సాల బీరువాలు ఎన్నో ఉన్నాయి. సున్నం వేస్తూ వేస్తూ శాసనాలు పూడిపోతున్నవి. మస్జిదు పెద్దది చేయాలని మంచి మనసుతోనే పాత మెహ్రాబును పడగొడతారు. తాతగారు రాసుకున్న ఫారసీ కాగితాలను చదువరాని మనుమలు మూటగట్టి అటక మీద వేస్తారు. వాటికి ఫిరంగులు అక్కరలేదు, చెదలు చాలు.

అందువలన మన సంఘంలోని యువకులకు కొన్ని సూచనలు మనవి చేస్తున్నాము. ఇప్పుడు ప్రతివారి జేబులోనూ సెల్‌ఫోను కెమెరా ఉన్నది. దీన్‌దయాళ్ మోసినంత బరువు ఎవరూ మోయనక్కరలేదు.

ముందుగా ముతవల్లిగారి అనుమతి తీసుకోండి. నమాజు వేళ, జియారతు వేళ మనుషుల ముఖాలు పడేటట్లు తీయకండి. మొదట మొత్తం గది, తరువాత ఒక్కొక్క గోడ, ఆ తరువాత ఒక్కొక్క నగిషీ, ఈ వరుసలో తీయండి. గోడకు ఎదురుగా సమంగా నిలబడి తీయండి, ఓరగా కాదు. పక్కన ఒక స్కేలు పెడితే కొలత తెలుస్తుంది. రాతి శాసనం అయితే ఉదయం గాని సాయంత్రం గాని ఏటవాలు ఎండలో తీస్తే అక్షరాలు లేచి కనబడతాయి. పాత చేతివ్రాతల మీద ఫ్లాష్ వేయకండి, కిటికీ దగ్గర నీడ వెలుతురులో తీయండి. పుట వదలకుండా తీయండి, ఖాళీ అంచులు కూడా తీయండి, ఆ అంచుల మీదనే ఒక్కొక్కప్పుడు పేర్లు, తారీఖులు ఉంటాయి. తీసిన తేదీ, ఊరి పేరు, ఏ వైపు గోడ అన్నది రాసి పెట్టండి. పేరు రాయని ఫోటో పదేళ్ళకు ఎవరిదో ఏమిటో తెలియకుండా పోతుంది. ఆఖరుది, అన్నిటికన్నా ముఖ్యమైనది: ఒక ప్రతి మీ దగ్గర, ఒక ప్రతి వేరే ఊళ్ళో ఉండాలి. సారాయెవో చేతివ్రాతలలో మళ్ళీ చూడగలిగినవి చాలావరకు నకలు వేరే దేశంలో ఉన్నవే.

పెళ్ళిళ్ళలో, విందులలో ఎన్ని ఫోటోలు తీసుకుంటున్నామో అందరికీ తెలిసినదే. అందులో నూరవ వంతు ఈ పనికి కేటాయించినా వచ్చే తరం మనకు దుఆ చేస్తుంది. ఈ సంచిక చదివిన ప్రతి కుటుంబం తమ ఇంట్లో అటక మీది మూటను ఒక్కసారి దించి చూడవలసినదిగా మా విన్నపం. చదవటం రాకపోతే పరవాలేదు. ముందు ఫోటో తీయండి. చదివేవారు తరువాత వస్తారు, ఇన్షా అల్లాహ్.